ఒకే పెట్టెలో వచ్చిన ఎనిమిది డిస్కులు

నమోదు 611. మొదటి షిఫ్టు.

గది వేడి మామూలే. తేమ ఎక్కువ. డిస్కులు ఎనిమిదీ తిరుగుతున్నాయి. మూడోది గొణుగుతోంది.

"గొణుగుతోంది" అని రాయవద్దని కమిటీ వాళ్ళు నిరుడే చెప్పారు. "శబ్దం సాధారణం" అనో "శబ్దం అసాధారణం" అనో రాయాలట. వాళ్ళలో ఒక్కరైనా ఈ గదిలో ఒక పూట కూర్చున్నారా? ఇది బొగ్గు తవ్వే రోజుల్లో మందుగుండు దాచిన గది. తలుపు ఇనుముది, గోడలు బారెడు మందం. ఇప్పుడు ఇందులో ఒక సర్వర్, ఎనిమిది డిస్కులు, ఒక ఫ్యాను, నేను. వీటితోనే పొద్దు గడిపేదాన్ని, ఏది గొణుగుతోందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను గొణుగుతోందనే రాస్తాను.

ఐదో గ్యాలరీ సొరంగం నుంచి లచ్చవ్వ పెద్దమ్మ సలహా కోసం వచ్చింది. అంగడిలో మార్చుకున్న పల్చటి డిస్కును కొంగులో చుట్టి తెచ్చింది.

"కళావతీ, గిది మంచిదేనా బిడ్డా? మనుమరాలి పాటలన్నీ గిండ్ల దాసుకుంట."

చూశాను. ఇంటి డిస్కు. చప్పుడు చేయదు, కరెంటు తక్కువ తాగుతుంది, పని లేనప్పుడు నిద్రపోతుంది. రాయడం మాత్రం మహా నిదానం. ఒక్కసారిగా ఎక్కువ రాయమంటే పాత రాతను పక్కకు సర్ది, కొత్తది ఇరికించి, మళ్ళీ పాతది రాసుకుంటూ ఆయాసపడుతుంది. అప్పుడో పాట ఇప్పుడో పాట దాచుకునే ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? "మంచిదే పెద్దమ్మా, కింద మాత్రం పడెయ్యకు" అని చెప్పి పంపాను.

ఆమె వెనకాలే రెండో గ్యాలరీ పోశం బావ. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస.

"మరదలా, నా డిస్కు మస్తు గుర్రు గొడుతున్నది. జర సప్పుడు తగ్గియ్యరాదు?"

"సర్వర్ డిస్కు తెచ్చి తలకాడ పెట్టుకుంటే గుర్రుగొట్టక జోల పాడుతదా బావా? ఇంటికి ఇంటి డిస్కు తెచ్చుకోమని చెప్తే ఇన్నవా?"

"పెద్దది గదా అని తెచ్చిన."

అందులో ఆయన దాచింది కబడ్డీ. పైన ఎండలో మనుషులు ఆడగలిగిన రోజుల్లో వాళ్ళ నాయన ఆడిన ఆటలు. ఆ మాత్రం దానికి ఆ డిస్కు దండగ. సర్వర్ డిస్కు నిద్రపోదు. పక్కన ఏడు డిస్కులు వణుకుతున్నా తన పని తాను చేసుకుపోతుంది. ఎక్కడైనా చదవలేకపోతే "ఇది రాదు" అని వెంటనే చెప్పి ముందుకు వెళ్ళిపోతుంది. మిగతా రకాలు అలా కాదు, మొండివి. చదవలేని చోటే కూర్చుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. ఈలోగా సర్వర్ విసిగిపోయి, ఇది చచ్చిందని వరసలోంచి తోసేస్తుంది. ఇదంతా చెబితే "నువ్వు డిస్కులను మనుషుల లెక్క తిడతవు" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇంత చెప్పే నా సర్వర్‌లో ఉన్న ఎనిమిదీ బల్ల మీది కంప్యూటర్‌లో పెట్టుకునే రకం. ఆ ముచ్చట ఇప్పుడు ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

నమోదు 614. రెండో షిఫ్టు.

వేడి మామూలే. మూడో డిస్కు చదివింది మళ్ళీ చదువుతోంది. ఏడో గ్యాలరీకి పసుపు దీపం.

పైన వాన పడుతోందట. బొగ్గు బాయి అడుగున ఉన్న మాకు వాన అంటే గోడల చెమ్మ, పైబండ చిటపటలు. పగటి ఎండకు పైన బతకలేక మా తాతలు ఈ పాత బాయిలోకి దిగినప్పుడే గ్యాలరీల కప్పుకు చెవులు బిగించారు. బండ చేసే ప్రతి చప్పుడూ ఆ చెవుల నుంచి నా సర్వర్‌కు వస్తుంది. సర్వర్ దాన్ని వెనకటి వానల చప్పుళ్ళతో పోల్చి చూస్తుంది. అలవాటైన చప్పుడైతే పచ్చ దీపం. దాన్ని మేము పాత మాట అంటాం. ఇదివరకు ఎన్నడూ అననిది అంటే కొత్త మాట, ఎర్ర దీపం. ఎర్రది వెలిగితే గ్యాలరీ ఖాళీ చేయాల్సిందే. ఒకటో గ్యాలరీ కొన కూలినప్పుడు ముందు రోజే ఎర్ర దీపం వెలిగింది, మేకపిల్ల కూడా పోలేదు. పోల్చడం పూర్తయ్యేదాకా పసుపు దీపం ఉంటుంది. మామూలుగా అది నాలుగు మెతుకులు తినేంత సేపు. ఇప్పుడు ఒక షిఫ్టు దాటిపోయింది, పసుపు పసుపులాగే ఉంది.

సునంద వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చెల్లెలు. ఏడో గ్యాలరీలోనే ఉంటుంది.

"అక్కా, పచ్చది ఎప్పుడు వెలుగుతదే?"

"చదువుతున్నది చెల్లే. జర ఓపిక పట్టు."

"ఓపిక నాకున్నది. ఆ బండకున్నదా?"

దాని భయం నాకు తెలుసు. దాని పెనిమిటి ఓదెలు ఎనిమిదో గ్యాలరీ తవ్విన జట్టులో పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ముక్కుకు గొట్టం, గొట్టానికి గోడలోంచి వచ్చే ఆక్సిజన్. ఆ లైను ఏడో గ్యాలరీలో తప్ప ఇంకెక్కడా లేదు. నిరుడు లైను బాగుచేయడానికి అతన్ని చేతి ఆక్సిజన్ సీసా మీద పక్క గదికి మారిస్తే పెదవులు నీలంగా అయిపోయాయి. మళ్ళీ కదిలిస్తే నా పూచీ లేదని డాక్టరమ్మ చెప్పేసింది. పచ్చ దీపం వెలిగితే ఓదెలు మంచం మీదే ఉంటాడు. ఎర్రది వెలిగితే మొయ్యాలి.

"మరిది ఏమంటున్నడు?" అని అడిగాను.

"ఏమంటడు? వదినెను చాయ్ తాగనీక తరుముతున్నవా అని నన్నే తిట్టిండు."

నవ్వాను. మూడో డిస్కు మీద చెయ్యి పెట్టి చూశాను, మిగతావాటికంటే వేడిగా ఉంది.

నమోదు 617. మొదటి షిఫ్టు.

మూడో డిస్కు పోయింది. తిరగడమే మానేసింది.

బొగ్గు రోజుల్లో దీపాలు పంచిన ల్యాంప్ రూమ్‌లోకి అందరినీ పిలిచారు. ముందు ఆ ఎనిమిది డిస్కుల ముచ్చట రాయకుండా ఈ సభ సంగతి రాయలేను.

మా బాయిలో సమానం అన్న మాటను ఎవరూ దాటరు. గాలి సమానం, నీళ్ళు సమానం, వెలుతురు సమానం. దిగిన తొలి రోజుల్లో అలా పంచుకోకపోతే ఒక్కరం మిగిలేవాళ్ళం కాదు. ఆ మాటంటే నాకూ గౌరవమే. కానీ అది డిస్కుల దాకా వచ్చింది. ఇదివరకు సర్వర్‌లో రకరకాల డిస్కులు ఉండేవి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. "మా గ్యాలరీ చప్పుడు పాత డిస్కుల పెట్టిన్రు" అని రెండో గ్యాలరీ, "మాది సన్న డిస్కుల పెట్టిన్రు" అని ఆరో గ్యాలరీ కొట్లాటకు దిగాయి. ప్రతి గ్యాలరీ చప్పుడూ ముక్కలు ముక్కలుగా అన్ని డిస్కుల మీదా ఉంటుందని గొంతు పోయేలా చెప్పాను. వింటేనా! చివరికి అన్నీ తీసేసి, ఒకే రకం, ఒకే పెట్టెలోవి, ఒకే రోజు, గ్యాలరీకి ఒకటి చొప్పున పసుపు కుంకుమ పెట్టి ఎక్కించారు. అంగడిలో సర్వర్ డిస్కులు ఉన్నాయి, కానీ మూడు రకాలవి. బల్ల కంప్యూటర్ డిస్కులు మాత్రం సరిగ్గా ఎనిమిది, ఒకే పెట్టెలో. అవే తెచ్చారు. అదనంగా ఒక్కటి తెమ్మన్నాను. తొమ్మిదోది ఏ గ్యాలరీ పేరు మీద ఉండాలో తేలక అదీ తీసుకురాలేదు.

ఒకే పెట్టె, ఒకే రోజు, ఒకే వేడి, ఒకే చాకిరీ. అవి ముసలివయ్యేదీ ఒక్కసారే. ఒకటి పడుకుంటే మిగతావాటి కాళ్ళూ వణుకుతున్నట్టే లెక్క.

సర్దార్ రాయలింగు మా బాయికి పెద్ద. నెమ్మదైన మనిషి.

"కార్తీకంల అంగడి పెడతరు. అప్పుడు ఎనిమిది కొత్తయి తెద్దాం" అన్నాడు.

"ఇది శ్రావణం సర్దార్! ఒకటి పోతే మిగిలిన ఏడిటిని బట్టి పోయినదాని రాత లెక్కగట్టొచ్చు. ఇంకొక్కటి పోయిందా, మొత్తం మట్టే. బండ ఎన్నడేమన్నదో మనకు యాది ఉండదు. ఇయ్యాలనే ఒక డిస్కు పెట్టాలె."

"అసొంటిదే ఏడుంది?"

"అసొంటిదే ఎందుకు? వేరే రకమైతేనే నయం. పోశం బావ ఇంట్ల సర్వర్ డిస్కు ఉన్నది."

పోశం గయ్యిమన్నాడు. "రెండో గ్యాలరీ తన వంతు ఇచ్చింది. మల్ల నాదొక్కనిదే ఎందుకు? అందరి ఇండ్లల్ల డిస్కులు లేవా?"

ఆయన మాట తప్పని ఎవరూ అనలేదు. గ్యాలరీకి ఒక ఇల్లు ఒక డిస్కు తేవాలని, చీటీ వేసి ఒకటి తీయాలని సర్దార్ తేల్చాడు. డిస్కును రకం చూసి ఎంచుతారు గానీ చీటీ వేసి ఎవరైనా ఎంచుతారా! అరిచాను, బతిమాలాను. చేతులెత్తమంటే నావి తప్ప అన్ని చేతులూ లేచాయి. సునంద కూడా ఎత్తింది. తరవాత అడిగితే, "అందరికీ ఒక్క తీరు ఉంటే మల్ల కొట్లాట ఉండదనుకున్ననే" అంది.

చీటీ లచ్చవ్వ పెద్దమ్మ ఇంటి డిస్కుకు వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. అయినా కొంగులోంచి తీసి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. "తీస్కో బిడ్డా. పాటలు మల్ల పాడిపిస్త" అంది. ఆమెను ఏమనగలను? తీసుకుని ఎక్కించాను.

నమోదు 619. రెండో షిఫ్టు.

పాత రాతను లెక్కగట్టి కొత్త డిస్కు మీదికి ఎక్కించే పని సాగుతోంది. సాగుతోంది అనడం నా గౌరవం కోసం. నిజానికి దేకుతోంది.

మొదట్లో లచ్చవ్వ డిస్కు హుషారుగానే అందుకుంది. కొంతసేపటికి ఆయాసం మొదలైంది. సర్ది రాస్తుంది, రాసింది సర్దుతుంది. సర్వర్ ఇక్కడ రాత కుమ్మరిస్తూనే ఉంటుంది, అది అందుకోలేక నోరు మూసుకుంటుంది. సర్వర్ దాన్ని తోసేసింది. నేను మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ తోసేసింది. పాపం ఆ డిస్కు తప్పేముంది? పాటలు దాచుకోమని చేసినదాన్ని తెచ్చి రాళ్ళు మొయ్యమన్నాం.

చెవులు కాసేపు మూసేస్తే పని తొందరగా అవుతుంది. కానీ వానలో చెవులు ఎలా మూస్తాను? ఏడో గ్యాలరీ బండ ఈ షిఫ్టులో మూడుసార్లు పలికింది. అక్కడివాళ్ళు పిల్లలను రోజూ నాలుగో గ్యాలరీకి పంపుతున్నారు. పెద్దవాళ్ళు ఎక్కువ రోజులు వెళ్ళి ఉండలేరు, అక్కడి గాలి అక్కడివాళ్ళకే సరిపోతుంది.

ఇప్పుడే ఆరో డిస్కు టిక్కుమంది. కాసేపటికి మళ్ళీ టిక్కుమంది.

నమోదు 620. మొదటి షిఫ్టు.

ఆరోది టిక్కుటిక్కుమంటూనే ఉంది. కొన్నిచోట్ల చదువుతోంది, కొన్నిచోట్ల మొరాయిస్తోంది. లచ్చవ్వ డిస్కు ఇక లేవలేదు.

సర్దార్ దగ్గరికి పరుగెత్తాను. "ఇంకో చీటీ తీద్దామా?" అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. ఏమన్నానో రాయను, ఆయన పెద్దమనిషి కాబట్టి ఊరుకున్నాడు. "నీకు తోచింది చెయ్ బిడ్డా, నేను మాట పడత" అన్నాడు చివరికి. ఆ మాట మూడు రోజుల ముందు అని ఉంటే!

నేరుగా పోశం ఇంటికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని తింటున్నాడు. తలకాడ డిస్కు గుర్రుమంటోంది.

"బావా, అది కావాలె. చీటీ లేదు, ఏం లేదు. నేనే అడుగుతున్న."

పళ్ళెం పక్కన పెట్టాడు. "మొత్తం ఎక్కుతదా దాని మీదికి?"

"ఎక్కదు. ఆరోది ఎంతసేపు బతుకుతదో తెల్వదు. ఒక్క గ్యాలరీ రాత తీయొచ్చు. ఎనిమిదిట్ల ఇంతింత తీస్తే ఎవరికీ పనికిరాదు."

"ఏ గ్యాలరీది తీస్తవు?"

"ఏడోది."

"నీ చెల్లె ఉన్నది గదా."

"ఉన్నది. బండ పలుకుతున్నది గూడ ఆడనే. రెండూ నిజమే, నీతోని అబద్ధమాడ."

రెండో గ్యాలరీ బండ గురించిన రాతంతా ఆరో డిస్కుతో పాటే పోతుందని ఆయనకు అర్థమైంది. ఆయన పిల్లలు ముగ్గురూ ఆ బండ కిందే పడుకుంటారు.

"నాకు చెల్లె ఉంటే నేనూ గదే జేద్దు" అని లేచాడు. "తీస్కపో. కాకపోతే ఒక్క కూత ఇననీ."

తెర మీద సన్నటి మనిషి, ఎండలో, మట్టిలో, గీత దాటి కూతకు వెళ్ళాడు. కబడ్డీ కబడ్డీ అంటూ ఆ గొంతు ఎక్కడా తెగకుండా సాగింది. ఇద్దరం నిలబడి విన్నాం. ఆయన నాయన ముగ్గురిని ముట్టి వెనక్కి వచ్చాడు. పోశం చేత్తో కళ్ళు తుడుచుకుని డిస్కు ఊడదీసి ఇచ్చాడు. నాకు దుఃఖం ఆగలేదు, దారంతా ఏడుస్తూనే వచ్చాను.

నమోదు 621. మొదటి షిఫ్టు.

పోశం డిస్కు నిజంగా సర్వర్ డిస్కే. ఎంత కుమ్మరిస్తే అంత అందుకుంది. ఏడో గ్యాలరీ రాత చివరికి వస్తుండగా ఆరో డిస్కు ఒక్కసారి గీరినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. మిగతా ఏడు గ్యాలరీల పాత రాత ఇక లేదు.

ఏడోది వచ్చింది, చిల్లులతో. ఆరోది మొరాయించిన చోట్లన్నీ ఖాళీ. పోయిన ఏటి వాన ఉంది, దానికి ముందటిది సగమే ఉంది, అంతకు ముందు రెండు వానలు మొత్తానికే లేవు.

సర్వర్‌ను పోల్చమన్నాను. మనసులో ఒకటే కోరిక, పచ్చ వెలగాలి, ఓదెలు మంచం దిగకూడదు. ఇన్ని తిప్పలూ పడింది దాని కోసమే.

ఎర్ర దీపం వెలిగింది.

ఏడో గ్యాలరీకి వెళ్ళేసరికి జనం అప్పటికే మూటలు కట్టుకుంటున్నారు. సర్దార్ నన్ను ఓదెలు గుమ్మం ముందు ఆపాడు.

"చిల్లులున్నయంటివి గదా. మరి నమ్మాలెనా, వద్దా?"

"చిల్లులల్ల గీ చప్పుడు ఉండి ఉంటే ఇది పాత మాటే. లేకుంటే కొత్తది. నాకు తెల్వదు సర్దార్."

మంచం మీదినుంచి ఓదెలు గొంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "వదినే, ప్రతి వానకు గిట్లనే అంటది. పొద్దంత పండుకొని నేను ఇనేది దీన్నే గదా. మీరు పోండ్రి. నన్ను ఉండనియ్యిండ్రి."

"నీకు కదలాలంటే భయం, అందుకే గట్లంటున్నవు" అన్నాను.

"భయమే" అని నవ్వాడు. "ఉంటే ఉండకూడదా?"

సునంద మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "ఆయనుంటే నేనుంట" అంది. ఎవరు చెప్పినా లేచేలా లేదు. బండ మళ్ళీ చిటపటమంది, సన్నటి మట్టి దాని జుట్టు మీద రాలింది. అతను ఉంటే అదీ ఉంటుంది. ఇద్దరూ పోతారు. అదే నాకు కనిపించింది.

సర్దార్ నా వైపే చూస్తున్నాడు.

"లేపుండ్రి" అన్నాను. నేనే అన్నాను.

నమోదు 622.

ఓదెలు పోయాడు. నాలుగో గ్యాలరీ మలుపు దాకా కూడా రాలేదు. సీసాలో గాలి ఇంకా ఉంది. అతనికే పీల్చుకునే శక్తి లేకపోయింది. మంచం దించమని చేత్తో సైగ చేశాడు, దించారు. సునంద వైపు తిరిగి ఏదో అన్నాడు, నేను వెనక ఉన్నాను, వినబడలేదు.

డిస్కుల గది వేడి చూడలేదు.

నమోదు 626. రెండో షిఫ్టు.

ఏడో గ్యాలరీ బండ పడలేదు.

మిగతా ఏడు గ్యాలరీలకూ ఎర్ర దీపాలే. వాటి పాత రాత లేదు కాబట్టి ఏ చిన్న చప్పుడు వచ్చినా సర్వర్‌కు కొత్తే. జనం భయంతో చస్తున్నారని సర్దార్ ఆ దీపాల తీగలు పీకించాడు. పోశం పిల్లలను రెండో గ్యాలరీ మూతి దగ్గర పడుకోబెడుతున్నాడట. నాతో మాత్రం ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. అంటే బాగుండేది.

ఏడో గ్యాలరీ వాళ్ళను మిగతా గ్యాలరీల్లో ఇంటికొకరిగా సర్దారు. సునంద నా ఇంట్లో ఉంటోంది. ప్రతి షిఫ్టు మారగానే ఈ గది గుమ్మంలోకి వస్తుంది.

"పడ్డదా అక్కా?"

"ఇంకా లేదు చెల్లే."

తలూపి వెళ్ళిపోతుంది. తిట్టదు, ఏడవదు. మొదటిసారి అడిగినప్పుడు నాకు అర్థం కాలేదు, భయంతో అడుగుతోందనుకున్నాను. అది కాదు. బండ పడితే ఓదెలును మోసుకురావడం న్యాయమవుతుంది. పడకపోతే అతన్ని మంచం మీంచి లేపి చంపింది నేను.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ బండ పడాలని నేను కోరుకుంటున్నాను. చెవులు పెట్టుకుని, దాని ప్రతి చప్పుడూ వింటూ, ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అని ఎదురుచూస్తున్నాను. ఇళ్ళు పోతే పోనీ, మనుషులెవరూ లేరు కదా, నాలుగు గోడలు పడితే నీకేం పోయిందే అని బండను తిడుతున్నాను. మైసమ్మకు కోడిని కూడా మొక్కాను.

నమోదు 629. మొదటి షిఫ్టు.

ఈ షిఫ్టుకు సునంద అడగడానికి రాలేదు.

పోశం బావ రొప్పుతూ వచ్చాడు. ఏడో గ్యాలరీ మూతికి అడ్డం కట్టిన కర్రలు ఊడదీసి ఉన్నాయట. సునంద లోపల, ఓదెలు మంచం మీద కూర్చుని ఉందట. ఈయన బయటినుంచి ఎంత పిలిచినా రాలేదు.

"ఏమన్నది బావా?"

ఆయన చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. "'అక్కకు చెప్పు, నేనింటికొచ్చిన. బండ పడితే అక్క చేసింది మంచిదే అయితది. పడకుంటే నా ఇల్లు నాకున్నది' అన్నది. ఇంకేమనలే."

చెవి పెట్టి విన్నాను. బండ పలుకుతోంది. నిన్నటి దాకా ఏ చప్పుడు కోసం చెవి కోసుకున్నానో, అదే చప్పుడు. ఇప్పుడు దాన్నే వద్దంటున్నాను. తల్లీ, పడకు. నేను చంపినదాన్నే అవుతాను, బతుకంతా ఆ మాట మోస్తాను, నువ్వు మాత్రం పడకు. మొక్కు వెనక్కి తీసుకోవచ్చో లేదో నాకు తెలియదు, తీసుకుంటున్నాను.

గది పోశం బావకు అప్పజెప్పాను. ఏ డిస్కు ఎలా గొణిగితే ఏం చేయాలో చెప్పాను. కార్తీకంలో అంగడి పెడితే సర్వర్ రకమే తీసుకోమని, కానీ రెండు ఒకే పెట్టెలోవి తీయవద్దని, ఒకటి అదనంగా తెచ్చి ఎవరి పేరూ పెట్టకుండా అటక మీద ఉంచమని చెప్పాను. సరే సరే అంటూ తలూపాడు. నన్ను ఆపాలని చూశాడు, భుజం పట్టుకున్నాడు, తరవాత తనే వదిలేశాడు.

సునంద రానంటే నేను బలవంతాన లాక్కురాను. ఒకసారి లేపించింది చాలు. మంచం వెడల్పుగానే ఉంటుంది, ఇద్దరం కూర్చోవచ్చు.

గది వేడి మామూలే. పాతవి ఆరు, పోశం బావది ఒకటి, ఏడు డిస్కులు తిరుగుతున్నాయి. ఏడో గ్యాలరీకి ఎర్ర దీపం. నేను అక్కడికే పోతున్నాను.